ఆదోని దగ్గర తొమ్మిదెకరాల జిన్నింగ్ మిల్లుకు కాంపౌండు భద్రత: పది అడుగుల గోడ, నలభై కెమెరాలు నిజంగా కావాలా?

ప్రశ్న ముందు క్లుప్తంగా. ఆదోని నుంచి ఆలూరు వెళ్ళే దారిలో 9 ఎకరాల పాత జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసేది) కొన్నారు. రోడ్డు ముఖం 120 మీటర్లు, లోతు 300 మీటర్లు. ముందు వైపు పాత రాతి గోడ, రెండు పక్కలా, వెనకా రాతి కూసాలకు ముళ్ళ తీగ, ఆ వెనక వంక. పోయిన ఎండాకాలంలో స్టోర్ రూములోంచి మోటార్ల రాగి వైరు, కేబుల్ పోయాయి. కాంట్రాక్టర్ చుట్టూ 10 అడుగుల ఇటుక గోడ, దాని మీద కరెంటు కంచె, 40 కెమెరాలు అని కొటేషన్ ఇచ్చాడు. ఇది సరైనదేనా, అంత డబ్బు లేకపోతే ఏది ముందు చేయాలి, కుక్కల్ని పెంచితే పనికొస్తుందా అని అడిగారు.

ఈ చుట్టుపక్కల జిల్లాల్లో గోదాములకు, సోలార్ ప్లాంట్లకు, బండల పాలిష్ ఫ్యాక్టరీలకు నేను చేసేది ఈ పనే. ఆ కొటేషన్‌లో రాసిన వస్తువులు చెడ్డవేమీ కావు. అయితే దాని వెనక లెక్క కనిపించడం లేదు. 40 కెమెరాలు ఎందుకు, 30 ఎందుకు కాదు అని అడిగి చూడండి. "సేఫ్టీ కోసం సార్" అంటాడు తప్ప ఇంకో జవాబు రాదు.

లెక్క మొదలుపెట్టాల్సింది మీ పాత దొంగతనం నుంచే. వాడు వెనక నుంచి వచ్చాడనుకుందాం. ముళ్ళ తీగ కత్తిరించడానికి అర నిమిషం. చీకట్లో స్టోర్ రూము దాకా 150 మీటర్లు నడవడానికి రెండు నిమిషాలు. గునపంతో తాళం, గొళ్ళెం పెకలించడానికి మరో రెండు నిమిషాలు. వైరు చుట్టలు గోతాల్లో నింపడానికి ఐదు, బరువుతో వెనక్కి పోవడానికి మూడు. మొత్తం పన్నెండు, పదమూడు నిమిషాలు. ఇప్పుడు మీ వైపు చూడండి. వాచ్‌మెన్ ముందు గేటు దగ్గర ఉంటాడు. అతనికి తెలిస్తే, వెనక దాకా రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. 112కి ఫోన్ చేస్తే బండి మీ మిల్లు దాకా రావడానికి కనీసం పావుగంట అనుకోండి.

తీగ తెగిన క్షణంలోనే తెలిస్తే మీ చేతిలో పన్నెండు నిమిషాలున్నాయి. తాళం పగిలేటప్పుడు తెలిస్తే ఎనిమిది. పొద్దున స్టోర్ కీపర్ వచ్చి చూసినప్పుడు తెలిస్తే ఏమీ లేదు. మీ కేసులో జరిగింది ఈ మూడోది. ఈ రంగంలో దీన్ని పసిగట్టడం, ఆలస్యం చేయడం, అడ్డుకోవడం అని మూడు ముక్కల్లో చెప్తారు. అణు కేంద్రాల భద్రత లెక్కకట్టేవాళ్ళు కూడా ఇదే సూత్రం వాడతారు. ఇందులో జనం మరిచిపోయేది ఒకటుంది. పసిగట్టక ముందు జరిగిన ఆలస్యం లెక్కలోకి రాదు. ఎవరికీ తెలియకుండా గోడ ఎక్కడానికి దొంగ అరగంట తీసుకున్నా మీకు ఒక్క నిమిషం లాభం లేదు.

జొన్న చేనుకు మన రైతు గోడ కట్టడు, మంచె కట్టుకుంటాడు. పైనుంచి చూస్తాడు, కేక వేస్తాడు, వడిసెల తిప్పుతాడు. మీ కాంట్రాక్టర్ కొటేషన్‌లో గోడ ఉంది, చూసే కళ్ళున్నాయి. కేక వేసేదెవరు, వడిసెల తిప్పేదెవరు అన్నది లేదు. 40 కెమెరాల బొమ్మ రాత్రి రెండింటికి ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. తెల్లారాక పోలీసులకు పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, అందులో ముఖానికి తువ్వాలు కట్టుకున్న మనిషి కనిపిస్తాడు.

ఇక గోడ. మొదట నేల చూడండి. ఆదోని చుట్టుపక్కల ఒక ఫర్లాంగులోనే ఎర్ర నేల, నల్లరేగడి రెండూ తగులుతాయి. నాలుగు మూలలా, మధ్యలో రెండు చోట్లా మనిషి లోతు గుంత తీసి చూడండి. నల్లరేగడి అయితే మామూలు పునాది మీద పొడుగాటి ఇటుక గోడ కట్టొద్దు. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. రెండు మూడేళ్ళలో గోడ పగులుతుంది, ఒక పక్కకు ఒరుగుతుంది. కట్టాల్సిందే అంటే అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలు) వేసి, వాటి మీద ప్లింత్ బీమ్ పోసి, బీమ్ కింద మట్టి ఉబ్బడానికి కొంచెం ఖాళీ వదలాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్ళు ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి అది. మన మేస్త్రీలకు తెలిసినదే, కాకపోతే ఖర్చు అని యజమానులే వద్దంటారు.

మీ మిల్లుకైతే చుట్టూ ఇటుక గోడ వద్దనే నేనంటాను. ముందు వైపు రోడ్డుకు లోపలి సరుకు కనిపించకుండా గోడ ఉండాలి, అది ఇప్పటికే ఉంది. పక్కలా వెనకా మూసిన గోడ కడితే దొంగకే మేలు. దాన్ని దాటి లోపలికి దిగాక పక్క పొలంలో నీళ్ళు కట్టుకుంటున్న రైతుకు కూడా వాడు కనిపించడు. ఆ మూడు వైపులా 8 అడుగుల వెల్డెడ్ మెష్ (తీగలు అతికించిన ఇనుప జాలీ) ప్యానెళ్ళు వేయండి. చైన్‌లింక్ వద్దు, చేతి కటింగ్ ప్లేయర్‌తో చీరలాగా చీలిపోతుంది. డబ్బుంటే వెనక వైపు మాత్రం 358 మెష్ పెట్టించండి. 3 అంగుళాలకు అర అంగుళం సందు, 8 గేజ్ తీగ అని ఆ పేరు. ఆ సందులో కాలి వేలు దూరదు, కట్టర్ మూతి సరిగా పట్టదు. దాన్ని కోయాలంటే గ్రైండర్ కావాలి, గ్రైండర్ అంటే చప్పుడు, నిప్పురవ్వలు. మీకు కావలసింది అదే.

ఎనిమిది అడుగులకూ పదికీ తేడా ఎంత? నిచ్చెన తెచ్చుకున్నవాడికి కొన్ని సెకన్లు. అదే డబ్బుతో పైన బయటికి వంచిన ఇనుప చేతులు పెట్టి, వాటి మీద కన్సర్టినా వైరు (బ్లేడ్లలాంటి ముళ్ళున్న చుట్టల తీగ) చుట్టిస్తే ఎక్కువ ఫలితం. కన్సర్టినా జీఐ పూత మంచిది తీసుకోండి, చవకరకం తుప్పు పట్టి తెగిపోతుంది.

మెష్ కింద మట్టి వదిలేయకండి. ఎండాకాలం నెర్రెలు పెద్దవై కంచె కింద బెత్తెడు సందు వస్తుంది. పందులు, కుక్కలు తవ్వి దాన్ని పెంచుతాయి, తర్వాత మనిషి దూరతాడు. దీనికి మన సీమలో దొరికినంత చవకగా మందు ఇంకెక్కడా దొరకదు. బేతంచెర్ల బండలో, కడప బండలో పాలిష్ లేని సెకండ్స్ తెచ్చి, మెష్ అడుగున నిలువుగా ఒకటిన్నర అడుగు లోపలికి, అర అడుగు పైకి పాతించండి. ఉన్న రాతి కూసాల్లో గట్టివి ఉంటే వాటిని పారేయకుండా తాత్కాలిక కంచెకు వాడుకోండి. పని నడిచే నెలల్లో సైటు తెరిచి ఉంటుంది, చాలా దొంగతనాలు అప్పుడే జరుగుతాయి.

ముందున్న రాతి గోడను కూల్చకండి. దాని బలహీనత ఎత్తులో లేదు, రాళ్ళ మధ్య సందుల్లో ఉంది. ఆ సందులు మెట్లలాగా పనికొస్తాయి. బయటి వైపు నేల నుంచి పైదాకా సందులన్నీ సిమెంటుతో పూడ్పించి నున్నగా చేయించండి. నాలుగు రోజుల మేస్త్రీ పని. ఆ గోడకు ఆనించి పేర్చిన పత్తి కట్టె మోపులు, పాత ట్రాలీ, ఇటుకల కుప్ప తీయించండి. లోపలి నుంచి బయటికి వాలిన వేపకొమ్మ కొట్టించండి. కంచెకు బయట కనీసం ఆరు మీటర్లు, లోపల మూడు నాలుగు మీటర్లు ఏమీ లేకుండా చదునుగా ఉంటే మంచిది. బయట పక్కవాళ్ళ పొలం ఉంటే లోపలైనా ఉంచండి. సర్కారు తుమ్మ కంప వెనక విపరీతంగా పెరిగి ఉంటుంది, అది వేళ్ళతో సహా పోవాలి, లేకపోతే ఒక్క వానకే మళ్ళీ మొలుస్తుంది. కంప అడ్డంగా ఉంటే భద్రత అనుకుంటారు చాలామంది. దాని చాటున గంటసేపు కూర్చొని మీ వాచ్‌మెన్ ఎన్నింటికి నిద్రపోతాడో చూడవచ్చని అనుకోరు.

వంక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మిల్లుకు అసలు వెనక గేటు అదే. ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉంటుంది. రోడ్డు మీది నుంచి కనిపించదు, రెండు గట్ల మధ్య మనిషి తల కూడా బయటపడదు. నీళ్ళొచ్చిన రోజు మాత్రం అది దేన్నీ లెక్కచేయదు. 2009 అక్టోబరు వరదలు కర్నూలు జిల్లా వాళ్ళకు గుర్తు చేయనక్కర్లేదు. అందుకని వంకలో గోడ కట్టొద్దు. అది పోరంబోకు అయి ఉంటే కట్టడానికి హక్కూ లేదు, కట్టినా మొదటి పెద్ద వానకు నీళ్ళు వెనక్కి తన్ని మీ గోదాములోకే వస్తాయి. కంచెను గట్టు నుంచి కొన్ని మీటర్లు లోపలికి జరపండి. మీ ఆవరణ నీళ్ళు వంకలోకి పోయే కాలువ, తూము ఎక్కడైతే కంచెను దాటుతాయో అక్కడ ఇనుప గ్రిల్ పెట్టండి. అడ్డంగా ఆరంగుళాలకు మించిన రంధ్రం ఏదైనా మనిషి దూరే రంధ్రమే అనుకోవాలి. గ్రిల్‌ను నిటారుగా కాకుండా వాలుగా పెట్టి, పైన కీలు వేసి లోపలి నుంచి తాళం పెట్టించండి. చెత్త పైకి తేలుతుంది, వానాకాలానికి ముందు తెరిచి శుభ్రం చేసుకోవచ్చు. పాత పెద్ద తూములు అలాగే వదిలేసి చుట్టూ లక్షలు పెట్టి కంచె వేసిన సైట్లు నేను చాలా చూశాను.

కరెంటు కంచె అని మీరు రాసిన మాట చూసి నాకు టెన్షన్ వచ్చింది. మన ఊళ్ళల్లో ఆ మాటకు అర్థం వేరు. అడవి పందుల కోసం లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం, ఎవరో రైతో, గొర్రెల కాపరో దానికి తగిలి చనిపోవడం. అది నేరం, ప్రాణం పోతే జైలు. మీ ప్రాంతంలో జింకలు మందలుగా తిరుగుతాయి, కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, అది చచ్చినా కేసే. కాంట్రాక్టర్ చెప్పేది ఎనర్జైజర్‌తో (కరెంటును చిన్న చిన్న దెబ్బలుగా తీగకు పంపే పెట్టెతో) నడిచే కంచె అయి ఉంటే అది వేరే వస్తువు. దానికి ఐఈసీ 60335-2-76 అనే ప్రమాణం ఉంది. సుమారు సెకనుకొక దెబ్బ, ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌళ్ళకు మించకూడదు. వోల్టేజి వేలల్లో ఉన్నా అది ఉండేది సెకనులో అతి చిన్న భాగం మాత్రమే, అందుకే మనిషి అదిరిపడతాడు గానీ ప్రాణం పోదు. ఎనర్జైజర్ మీద ఆ ప్రమాణం ముద్ర లేకపోతే లోపలికి రానివ్వకండి. ప్రతి పది మీటర్లకు, గేట్ల దగ్గరా హెచ్చరిక బోర్డు ఉండాలి. తెలుగుతో పాటు కన్నడంలోనూ రాయించండి, సిరుగుప్ప వైపు నుంచి వచ్చే హమాలీలు, లారీ డ్రైవర్లు ఉంటారు మీకు. జనం నడిచే దారి పక్కన అయితే ఆ తీగలకు ముందు కనీసం ఒకటిన్నర మీటరు ఎత్తు మామూలు కంచె అడ్డంగా ఉండాలి. దీని ఎర్తింగ్ మిగతా ఎర్తింగులకు పది మీటర్లు దూరంగా వేయాలి. మన రాతి నేలలో, ఎండాకాలం తేమ లేనప్పుడు ఎర్తింగ్ సరిగా పట్టకపోతే దెబ్బ తగలదు, అలారం కూడా మోగకపోవచ్చు.

ఇవన్నీ సరే. మీ మిల్లులో నేనైతే దాన్ని వెనక వైపు 120 మీటర్లకే పెడతాను, బేళ్ళు పేర్చే పక్కకు అసలే పెట్టను. జిన్నింగ్ మిల్లులో దూది నూగు గాల్లో ఎగురుతూనే ఉంటుంది, తీగలకూ ఇన్సులేటర్లకూ పట్టుకుంటుంది. తడి కొమ్మ తగిలితే చాలు, నిప్పురవ్వ లేస్తుంది. పత్తి బేళ్ళకు దొంగ వల్ల వచ్చే నష్టం కంటే నిప్పు వల్ల వచ్చేది చాలా పెద్దది. కాంపౌండు భద్రత గురించి మాట్లాడేటప్పుడు జిన్నింగ్ మిల్లువాళ్ళు దీన్ని మరిచిపోతే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. దొంగ రాకూడదని అన్ని దారులూ మూసేస్తారు, ఫైరింజన్ వచ్చాక అది ఎక్కడి నుంచి తిరగాలో తెలియదు. మెయిన్ గేటు వెడల్పు కనీసం ఆరు మీటర్లు ఉండాలి, తెరిచినప్పుడు రెక్కలు గోడకు ఆనుకుపోవాలి. పక్క వైపు బండి దారి ఉంటే రెండో ఎమర్జెన్సీ గేటు పెట్టండి, లోపల తాళం, తాళంచెవి వాచ్‌మెన్ గదిలో అద్దం పెట్టెలో. మనుషులు పరుగెత్తి బయటపడాల్సిన దారిని భద్రత పేరుతో ఎప్పుడూ వెల్డింగ్ చేయించకండి.

కెమెరాల లెక్కకు వద్దాం. 4 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 2560 చుక్కలు. ముఖం చూసి ఫలానా మనిషి అని తేల్చాలంటే మీటరుకు 250 చుక్కలు పడాలని యూరప్ ప్రమాణం ఒకటుంది. అంటే ఆ కెమెరా పది మీటర్ల వెడల్పు మాత్రమే చూడాలి. అక్కడ ఎవరో ఉన్నారని తెలిస్తే చాలనుకుంటే మీటరుకు 25 చుక్కలు చాలు, వంద మీటర్ల వెడల్పు వస్తుంది. మీ చుట్టుకొలత 840 మీటర్లు. అందరి ముఖాలూ గుర్తుపట్టేలా చుట్టూ పెట్టాలంటే 84 కెమెరాలు కావాలి, 40 సరిపోవు. ఎవరో కంచె దగ్గర ఉన్నారని పట్టుకోవడానికైతే 40 ఎక్కువ. కంచె పొడవునా చూసేటట్లు ఒక్కో కెమెరాకు 60 మీటర్లు అప్పగించి, ఒక స్తంభం అడుగు భాగం వెనక స్తంభం కెమెరాకు కనిపించేలా గొలుసుకట్టుగా పెడితే 14తో చుట్టూ వచ్చేస్తుంది. ముఖాలు, నంబరు ప్లేట్లు గుర్తుపట్టే కెమెరాలు గేటు దగ్గర రెండు, కాటా దగ్గర రెండు. స్టోర్ రూము తలుపు, బేళ్ళ యార్డు, ట్రాన్స్‌ఫార్మర్, ఆఫీసు క్యాష్ కలిపి మరో నాలుగైదు. ఇరవై రెండు, ఇరవై మూడుతో అయిపోతుంది. మిగిలిన డబ్బు లైట్లకు పెట్టండి.

డోమ్ కెమెరాలు వద్దు, గాజు బుర్ర మీద నూగూ దుమ్మూ పట్టి రాత్రి కెమెరా వేసే ఐఆర్ (కంటికి కనిపించని) వెలుతురుకు అంతా తెల్లగా కనిపిస్తుంది. బుల్లెట్ కెమెరాలు పెట్టి, వారానికొకసారి తుడిచే మనిషిని పేరుతో సహా నియమించండి. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లు దాటితే పనిచేయదు, మీది 300 మీటర్ల లోతు, కాబట్టి స్తంభాల మధ్య ఫైబర్ లాగాలి. ఫైబర్‌తో ఇంకో లాభం, పిడుగు పడినప్పుడు ఒక స్తంభంలో పోయిన దెబ్బ మిగతా వాటికి పాకదు. స్తంభం మీద పెట్టే స్విచ్ డబ్బాలు పడమటి ఎండ తగలకుండా నీడ పట్టున ఉండాలి. మే నెలలో ఆ ఇనుప డబ్బా లోపల వేడికి మామూలు ఆఫీసు స్విచ్చులు మాటిమాటికీ ఆగిపోతాయి. యూపీఎస్ కనీసం నాలుగు గంటలు. దొంగలు ముందు కరెంటు తీసి చూస్తారు.

రికార్డింగు: ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు తీసుకుంటే రోజుకు 43 జీబీ, ఇరవై రెండు కెమెరాలకు 30 రోజులకు 28 టీబీ పైన. కంచె కెమెరాలకు 2 మెగాబిట్లు చాలు, అప్పుడు హార్డ్‌డిస్కు ఖర్చు చాలా తగ్గుతుంది. 30 రోజులే ఎందుకంటే, ప్రజా భద్రత గురించి మన రాష్ట్రంలో 2013లో చేసిన చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు అన్ని రోజుల దృశ్యాలు ఉంచాలని చెప్తుంది. సీజనులో మీ దగ్గర రైతులు, హమాలీలు బాగానే ఉంటారు. కెమెరాలు కొనేటప్పుడు ఎస్టీక్యూసీ (కేంద్ర ప్రభుత్వ పరీక్షా విభాగం) పరీక్ష పాసైన మోడలేనా అని రాతపూర్వకంగా తీసుకోండి, 2025 ఏప్రిల్ 9 నుంచి అది తప్పనిసరి. పాత స్టాకు చవకగా అంటగట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. పక్కింటి పెరటిలోకి, హమాలీల స్నానాల గదుల వైపు కెమెరా తిప్పకండి, ఆ భాగం బొమ్మలో కనిపించకుండా మాస్కింగ్ పెట్టించండి.

ఎవరూ తెర ముందు కూర్చోరు కాబట్టి, కంచె దగ్గర మనిషి కనిపిస్తే అలారం దానంతటదే మోగాలి. ఇక్కడ మన ఎండ సంగతి తెలియని డిజైన్లు బోల్తా పడతాయి. కదలికను పసిగట్టే చవకైన పీఐఆర్ సెన్సర్లు మనిషి ఒంటి వేడికీ చుట్టుపక్కల వేడికీ తేడాను బట్టి పనిచేస్తాయి. ఎండాకాలం సాయంత్రం ఏడింటికి రాళ్ళు, బండలు, నేల అన్నీ ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంటే మనిషికీ రాయికీ తేడా తెలియదు. వేడిని బట్టి బొమ్మ చూపే థర్మల్ కెమెరాలకు కూడా పొద్దున, సాయంత్రం ఆ తేడా దాదాపు చెరిగిపోయే సమయం ఒకటుంటుంది. ఢిల్లీలో చలికాలం డెమో చూసి కొన్నవాళ్ళకు ఇది మే నెలలో తెలుస్తుంది. కంచె కదలికను పట్టే వైబ్రేషన్ కేబుల్‌కు వేరే శత్రువు ఉన్నాడు, గాలి. ఆషాఢ శ్రావణాల్లో రామగిరి గాలిమరలు తిప్పే ఆ పడమటి గాలే మీ మెష్‌నూ ఊపుతుంది. ప్యానెళ్ళు వదులుగా ఉంటే రాత్రంతా అలారమే. మూడో రాత్రికి వాచ్‌మెన్ దాని వైరు పీకేస్తాడు, అతన్ని నేను తప్పుపట్టను.

అందుకని మీకు నా సలహా: కంచె కెమెరాల్లోనే మనిషిని, జంతువును వేరుగా గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉన్నవి తీసుకోండి. కుక్క, పంది, జింక వస్తే మోగకూడదు. వెనక వైపు మాత్రం దానికి తోడు ఎనర్జైజర్ కంచె తెగిన అలారం ఉంటుంది. రెండూ వేరువేరు సూత్రాల మీద నడుస్తాయి కాబట్టి ఒకటి మోసపోయినా రెండోది మోసపోదు. అలారం మోగగానే ఆ వైపు లైట్లు వెలగాలి, హారన్ మోగాలి, వాచ్‌మెన్ చేతిలో ఫోనుకు ఏ వైపో రావాలి. "జోన్ 7" అని వస్తే ఎవరికీ అర్థం కాదు, "వంక వైపు, తూము దగ్గర" అని రావాలి. లైట్లు బయటి వైపు కంచె మీద పడాలి, గార్డు కళ్ళల్లో కాదు. మధ్యమధ్య చీకటి మచ్చలు లేకుండా తక్కువ వాట్లవి ఎక్కువ పెట్టడం మేలు. ఒక పెద్ద ఫ్లడ్‌లైట్ కింద అంతా వెలుగు, దాని పక్కన కటిక చీకటి ఉంటే ఆ చీకట్లో ఏనుగున్నా కనిపించదు.

గేటు దగ్గర నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. మిల్లుల్లో పోయే సరుకులో ఎక్కువ భాగం కంచె దూకి పోదు, గేటులోంచి చిట్టీతో పోతుంది. లారీ బరువు, డ్రైవర్ లోపల ఉన్నాడా లేదా, నీళ్ళ ట్యాంకు నిండుగా ఉందా, ఇవి చూసే మనిషి, గేటు పాసు రాసే మనిషి వేరువేరుగా ఉండాలి. కాటా గేటు నుంచి కనిపించాలి. సీజనులో లారీలు రోడ్డు మీద క్యూ కట్టకుండా గేటుకు బయట, మీ స్థలంలోనే ఆగే చోటు వదలండి. నడిచి వచ్చేవాళ్ళకు చిన్న గేటు వేరే ఉండాలి, ప్రతి హమాలీ కోసం పెద్ద గేటు తెరిస్తే అది మూయడం మానేస్తారు.

లారీ గుద్దినా దాన్ని ఆపే బొల్లార్డులు (నేలలో పాతే గట్టి అడ్డు స్తంభాలు) పెట్టాలా అని కొందరు అడుగుతుంటారు. 6,800 కిలోల ట్రక్కును గంటకు 50 మైళ్ళ వేగంలో ఆపేవాటికి అమెరికా ప్రమాణం ప్రకారం ఎం50 అని పేరుంది. ఎయిర్‌పోర్టులకు, ఎంబసీలకు అవి కావాలి, మీకు అక్కర్లేదు. వేగం సగమైతే దెబ్బ పావు వంతవుతుంది. గేటుకు సూటిగా దారి ఉండకుండా లోపలికి రాగానే ఒక మలుపు తిప్పి, పక్కన నాలుగు పెద్ద రాళ్ళు పాతితే చాలు. మన సీమ కోటల్లో ద్వారం దాటగానే దారి మలుపు తిరిగేది ఊరికే కాదు. స్లైడింగ్ గేటు పెట్టిస్తే చివర గట్టి ఆపు, పైన గైడు తప్పనిసరి. అవి లేక గేటు పట్టాల మీది నుంచి జారి వాచ్‌మెన్ మీద పడి చనిపోయిన సంఘటనలు దేశంలో ఎన్నో చోట్ల జరిగాయి.

కాపలా మనుషులు రాత్రి ఇద్దరు ఉండాలి, ఒకరు గేటు దగ్గర, ఒకరు తిరుగుతూ. ఏజెన్సీ నుంచి తీసుకుంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందా అని చూడండి. ఆ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో కొత్త గార్డుకు 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డు శిక్షణ అని ఉంది. చాలా ఏజెన్సీలు యూనిఫాం ఇచ్చి పంపేస్తాయి. అరవై దాటిన మనిషిని పన్నెండు గంటలు నిలబెట్టి, కుర్చీ తీసేసి, బాత్‌రూము వెనక మూలన పెట్టి, నిద్రపోయాడని కోప్పడటంలో అర్థం లేదు. కుర్చీ ఇవ్వండి, ఫ్యాను ఇవ్వండి, రాత్రి ఒంటిగంటకు టీ ఏర్పాటు చేయండి. గార్డు దొంగను పట్టుకోనక్కర్లేదు. లైటు వేసి, అరిచి, 112కి ఫోన్ చేస్తే అతని పని అయిపోయినట్టే, ఈ మాట అతనికి ముందే చెప్పండి.

డబ్బు దశలవారీగా పెట్టాలంటే: ఈ నెలలోనే కంప కొట్టించడం, రాతి గోడ సందులు పూడ్చడం, స్టోర్ రూముకు ఇనుప తలుపు, లోపలి గొళ్ళెం, రాగి వైరుకు వేరే పంజరం. స్టోర్ రూము తలుపు పది నిమిషాలు ఆగితే పైన వేసిన లెక్క అంతా మీ వైపు మొగ్గుతుంది, అన్నిటికంటే చవకైన పని అదే. తర్వాత లైట్లు, గేటు. ఆ తర్వాత వెనక వైపు మెష్, కెమెరాలు. పక్కల మెష్ వచ్చే సీజను డబ్బుతో చేయవచ్చు, ప్రస్తుతానికి ముళ్ళ తీగ బిగించి వరసలు పెంచండి.

కాంట్రాక్టుతో ఒక షరతు రాసుకోండి. బిల్లులో పది శాతం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాకే ఇస్తానని. ఆ లోపు మీ మనిషి ఒకడు మేలో సాయంత్రం ఏడింటికి, ఒకసారి వానలో, ఒకసారి తెల్లవారుజామున మూడింటికి, నడుస్తూ, పాకుతూ, పరుగెత్తుతూ కంచె దగ్గరికి రావాలి. ప్రతిసారీ అలారం మోగిందా, ఎన్ని నిమిషాలకు గార్డు వచ్చాడు అని పుస్తకంలో రాయాలి. ఎనర్జైజర్ వైపు మాత్రం కరెంటు తీసి, తీగ తెంచి చూడాలి, మనిషిని తగలనివ్వొద్దు.

చివరిగా కుక్కలు. తప్పకుండా పెంచండి, నాటు కుక్కలు రెండు చాలు. జాతి కుక్కలు మన ఎండకు పగలంతా నాలుక బయటపెట్టి పడుకుంటాయి. రేబిస్ టీకాలు వేయించండి, సీజనులో పగలు కట్టేయండి, రైతుల పిల్లలు వస్తుంటారు. వాటి గూడు గేటు దగ్గర పెట్టకండి, అక్కడ మనిషి ఉన్నాడు. వెనక వంక వైపు పెట్టి, రాత్రి పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి అన్నం పెట్టే పని తిరిగే గార్డుకు అప్పగించండి. ఎవరూ చెప్పకపోయినా రోజుకు రెండుసార్లు అతను ఆ 300 మీటర్లు నడిచి వెళ్తాడు.